మడ్డిలోనే ఉంది మర్మం!

ఇరవై ఏళ్లు భద్రంగా దాచిన వైన్ సీసా. వేడుక రోజున మూత తీశారు. గ్లాసులో పోస్తే... అడుగున నల్లటి మడ్డి! పాడైపోయిందా? కానే కాదు. సీసా తన వయసు చెబుతోందంతే. కాకపోతే, ఆ మడ్డి గ్లాసులోకి జారకుండా తేటని మాత్రమే వంపుకోవాలి. అక్కడే ఉంది అసలు నేర్పు!

బిడ్డ పుట్టగానే పేరున డిపాజిట్ వేయడం, పెరట్లో కొబ్బరిమొక్క నాటడం మనకు తెలుసు. ఇంగ్లండులోని సంపన్న కుటుంబాల్లో ఒకప్పుడు ఇంకో ఆచారం ఉండేది. బిడ్డ పుట్టిన ఏడాది పండిన ద్రాక్షతో చేసిన పోర్ట్ వైన్‌ను తండ్రో, జ్ఞానపితో కొని పెట్టేవారు. అదీ ఒకటీ అరా సీసాలు కాదు, ఏకంగా ఓ పీపా. పీపా అంటే దాదాపు 550 లీటర్లు. సీసాల్లోకి పడితే 700 పైమాటే. వాటిని ఇంటి నేలమాళిగలో వరసగా పడుకోబెట్టేవారు. ఆ బిడ్డకి 21 ఏళ్లు నిండి, చట్టప్రకారం పెద్దవాడైన రోజున మొదటి సీసా తెరిచేవారు.

ఆ రోజున ఇంటిల్లిపాది చూపూ సీసా మీదే. అది తెరిచేవాడి చూపు మాత్రం సీసా అడుగున ఉన్న మడ్డి మీద! చెయ్యి ఒక్కసారి తొణికిందా... ఇరవయ్యొక్కేళ్ల ఎదురుచూపులూ బురదపాలే. అందుకే యూరప్‌లో వైన్ తేర్చడాన్ని ఓ విద్యలా నేర్చుకున్నారు. దానికి పెట్టిన పేరే డికాంటింగ్.

రంగే మడ్డి అవుతుంది!

నెయ్యి కాచి వంపితే గిన్నె అడుగున గసి మిగులుతుంది. కొత్తనీరు వచ్చిన గోదారి నీళ్లు బిందెలో పోసి ఉంచితే తెల్లారేసరికి ఒండ్రు అడుగుకు చేరుతుంది. ఆ రెండింటిలోనూ మడ్డి ముందునుంచీ ఉన్నదే. వైన్ సంగతి వేరు. సీసాలో పోసేటప్పుడు తేటగానే ఉంటుంది. మడ్డి ఆ తర్వాత పుడుతుంది!

ఎర్ర వైన్‌కి రంగునిచ్చేది ద్రాక్ష తొక్కలోని ఆంథోసయనిన్లు అనే పదార్థాలు. నాలుకను పట్టేసే వగరు టానిన్లది. తొక్కలో, గింజలో ఉంటాయివి. పచ్చి చింతచిగురు పులుపులా కొత్త వైన్‌లో వగరు కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఈ రంగు అణువులూ, వగరు అణువులూ ఒకదానికొకటి అతుక్కుంటూ గొలుసుల్లా పెరుగుతాయి. పెరిగి పెరిగి, ఇక వైన్‌లో కరిగి ఉండలేనంత బరువెక్కుతాయి. అప్పుడు మెల్లగా కిందికి దిగుతాయి. అదే మడ్డి.

అంటే, మడ్డి దిగుతున్నకొద్దీ పైనున్న వైన్ మారిపోతూ ఉంటుందన్నమాట. ముదురు ఊదా రంగు తగ్గి ఇటుక రంగుకి తిరుగుతుంది. వగరు మెత్తబడుతుంది. కొత్తలో లేని వాసనలు పుట్టుకొస్తాయి. సీసా అడుగున పేరుకున్నది ఒకప్పటి రంగూ వగరే తప్ప దుమ్మూ ధూళీ కాదు.

మరి దాన్ని తీసెయ్యడం దేనికి? విషమేమీ కాదు గానీ చేదుగా, ఇసకలా నోటికి తగులుతుంది. కలిసిపోతే వైన్ రంగు మసకబారుతుంది. అన్నేళ్లు ఆగి తెచ్చుకున్న మెత్తదనం కాస్తా చేదు కింద పోతుంది.

పోర్టో సీసాకే ఎందుకంత మడ్డి?

మడ్డి విషయంలో పోర్ట్ వైన్‌ని మించింది లేదు. దాని సొంతూరు పోర్చుగల్‌లోని డౌరో నదీ లోయ. ఏటవాలు కొండల్ని మెట్లు మెట్లుగా చెక్కి వేసిన ద్రాక్షతోటలు అక్కడివి. 1756లోనే ఈ వైన్ ఎక్కడ పండించాలో హద్దులు గీశారు. ప్రపంచంలో అలా హద్దులు గీసుకున్న మొట్టమొదటి వైన్ ప్రాంతాల్లో ఇదొకటి. ఆ లోయని 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇంగ్లండుకి ఫ్రాన్స్‌తో పడని రోజుల్లో అక్కడి వ్యాపారులు వైన్ కోసం పోర్చుగల్ దారి పట్టారు. 1703లో కుదిరిన మెథ్యూన్ ఒప్పందం పోర్చుగల్ వైన్ మీద సుంకం తగ్గించింది. దాంతో గిరాకీ పెరిగింది. ద్రాక్షరసం పులుస్తుండగానే మధ్యలో ద్రాక్ష సారాయి పోసి ఆపేస్తారు. అందువల్ల తీపి మిగిలిపోతుంది, ఆల్కహాల్ 20 శాతం దాకా చేరుతుంది. పీపాల్ని రబేలో అనే బల్లపరుపు పడవలెక్కించి, నది వెంట పోర్టో నగరానికి ఎదురుగా ఉన్న విలా నోవా డె గయాకి చేర్చేవారు. నదికి ఆనకట్టలు కట్టాక 1960లలో ఆ రవాణా ఆగిపోయింది.

ఇప్పుడు అసలు విషయం. పోర్ట్‌లో రకాలున్నాయి. టానీ అనే రకాన్ని ఏళ్ల తరబడి చెక్క పీపాల్లోనే ఉంచుతారు. మడ్డి పీపాలోనే దిగిపోతుంది, తేటని సీసాలకు ఎత్తుతారు. అందుకే టానీ సీసాని తేర్చే పని ఉండదు. వింటేజ్ పోర్ట్ అలాకాదు. బాగా పండిన ఒకే ఏడాది ద్రాక్షతో చేసి, రెండేళ్లు గడిచీ గడవగానే వడకట్టకుండా సీసాల్లోకి పట్టేస్తారు. పీపాలో జరగాల్సిందంతా ఇక సీసాలోనే జరగాలి. పదిహేను, ఇరవై, నలభై ఏళ్లపాటు! దిగిన మడ్డి సీసా పక్కగోడకి పొరలా అంటుకుంటుంది. 1963, 1977, 1994, 2011... ఇలా పేరున్న సంవత్సరాల సీసాల కోసం ఇష్టపడేవాళ్లు ఇప్పటికీ వెతుకుతుంటారు.

పాత పోర్ట్ సీసాల మీద ఓచోట తెల్ల సున్నంతో మరక పెట్టినట్టు కనిపించేది. అది అలంకారం కాదు. పడుకోబెట్టినప్పుడు ఆ గుర్తు ఎప్పుడూ పైకి ఉండాలి. సీసాని చోటు మార్చినా మళ్లీ అదే వైపు పైకి పెట్టాలి. అప్పుడే పొర చెదరదు. లేబుల్ చినిగినా, చీకట్లో వెతికినా మడ్డి ఎటువైపుందో ఆ గుర్తే చెప్పేది.

ఆగడం తెలిసినవాడే మొనగాడు

తేర్చడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. కావాల్సింది ఓపిక, వెలుతురు, వణకని చెయ్యి. పద్ధతి ఇదీ...

● పడుకోబెట్టిన సీసాని ఒకరోజు ముందు, వీలైతే రెండు రోజుల ముందు నిలబెట్టాలి. పక్కకి అంటుకున్న మడ్డి నెమ్మదిగా అడుగుకు జారుతుంది. దూరాభారం ప్రయాణం చేసొచ్చిన పాత సీసాకైతే కొన్ని వారాల విశ్రాంతి ఇవ్వాలి.

● కార్కు తీసేటప్పుడు సీసాని తిప్పకూడదు, కుదపకూడదు. తిరగాల్సింది స్క్రూ మాత్రమే. మూతి అంచుల్ని శుభ్రమైన గుడ్డతో తుడవాలి.

● శుభ్రంగా కడిగి ఆరబెట్టిన గాజు కూజాని పక్కన పెట్టుకోవాలి. దీన్నే డికాంటర్ అంటారు. సబ్బు వాసన మిగిలితే ఇరవయ్యేళ్ల వాసనా దండగే.

● సీసా మెడ కింద ఓ వెలుగు ఉండాలి. వెనకటికి కొవ్వొత్తి పెట్టేవారు. చిన్న టార్చిలైటు చాలు. ముదురు రంగు గాజులోంచి వైన్ కదలిక కనిపించడానికే ఇది.

● సన్నటి ధారగా, ఒకే వంపుగా పొయ్యాలి. మధ్యలో ఆపి సీసాని నిటారుగా లేపారో... వెనక్కి వెళ్లిన వైన్ అడుగునున్న మడ్డినంతా లేపేస్తుంది. మళ్లీ మొదటికి వచ్చినట్టే.

● చివరికొచ్చేసరికి సీసా భుజం దగ్గర పొగతీగలాంటిది కదులుతూ కనిపిస్తుంది. అదే మడ్డి. అది మెడలోకి రాకముందే ఆపెయ్యాలి. ఇంకో గుక్కెడు వస్తుందిగా అని ఆశపడితే కూజాలోదంతా పాడవుతుంది.

అడుగున మిగిలిన కాస్తనీ పారబొయ్యక్కర్లేదు. పల్చటి గుడ్డలో వడకట్టి అక్కడివాళ్లు మాంసం పులుసుల్లో వేసుకుంటారు. మరి మొత్తం సీసాని గుడ్డలోనే వడకట్టేస్తే పోలా? కార్కు విరిగి ముక్కలు పడినా, చెయ్యి తొణికినా చేసే పని అదే. వెండి గరాటుకు జల్లెడ అమర్చి వాడటం ఇంగ్లండులో పాత అలవాటే. కానీ సీసా ఒకసారి కలగాపులగం అయ్యాక మడ్డిలోని మెత్తటి నలుసులు ఏ జల్లెడకీ ఆగవు. తేర్చడం ముందు... వడకట్టడం తర్వాత.

బాగా పాత సీసాలతో ఇంకో చిక్కుంది. కార్కు పట్టుకుంటే పొడైపోతుంది. దానికి పోర్టోవాళ్లు కనిపెట్టిన ఉపాయం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. సీసా మెడకి సరిగ్గా సరిపోయే పట్టకారుని నిప్పుల్లో ఎర్రగా కాల్చి, కార్కుకి కిందుగా మెడ చుట్టూ కాసేపు పట్టి ఉంచుతారు. వెంటనే అక్కడ చల్లటి తడిగుడ్డ పెడతారు. టక్కుమని మెడ గీత గీసినట్టు తెగి, కార్కుతో సహా ఊడొస్తుంది! చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ చేయితిరిగినవాళ్లు చేయాల్సిన పని అది.

ముందే పోస్తే మంచిదా?

వైన్‌కి గాలి తగలాలి, గంటల ముందే కూజాలో పోసి ఉంచాలి అని చాలామంది అంటుంటారు. దీనిమీద నిపుణుల్లోనే రెండు మాటలున్నాయి. ఫ్రాన్స్‌లోని బోర్డోకి చెందిన ప్రఖ్యాత వైన్ శాస్త్రవేత్త ఎమిల్ పేనో వాదన ఏంటంటే... మడ్డి ఉన్న సీసానే తేర్చాలి, అదీ వడ్డించే ముందే. గాలి ఎక్కువసేపు తగిలితే వాసనలు పెరగడం మాట అటుంచి, ఉన్నవి పోతాయని ఆయన చెప్పేవారు. వగరు గట్టిగా ఉన్న కొత్త వైన్ కాసేపు గాలికి ఉంటే మెత్తబడుతుందనేది రెండోవాళ్ల మాట.

పాత వైన్ విషయంలో మాత్రం ఇరువర్గాలదీ ఒకటే జాగ్రత్త. ముప్ఫై, నలభై ఏళ్లు మూతపడి ఉన్న వైన్‌కి ఒక్కసారిగా గాలి తగిలితే పరిమళం అరగంటలోనే తేలిపోవచ్చు. కాబట్టి అతిథులు వచ్చి కూర్చున్నాకే దాని మూత తీయాలి. వింటేజ్ పోర్ట్‌లో తీపీ, ఆల్కహాలూ ఎక్కువ కాబట్టి అది కొన్ని గంటలు తట్టుకుంటుంది.

ఇక కూజా సంగతి. ధగధగలాడే క్రిస్టల్ డికాంటర్లు చూడముచ్చటగా ఉంటాయి. 1670లలో ఇంగ్లండులో జార్జ్ రావెన్స్‌క్రాఫ్ట్ గాజులో సీసం అనే లోహాన్ని కలిపి సాధించిన మెరుపది. ఆ మెరుపు వెనక ముప్పూ ఉంది. అలాంటి కూజాల్లో వైన్‌ని నెలల తరబడి నిలవ ఉంచితే సీసం అందులోకి దిగుతుందని 1991లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. అవి వడ్డనకే తప్ప నిలవకి పనికిరావు. మామూలు గాజు కూజా అయితే ఆ బెంగే లేదు.

ఇరవయ్యేడేళ్ల వితంతువు తెలివి

షాంపేన్ సీసాలో నురగ పుట్టించేది ఈస్ట్. మూసిన సీసాలో రెండోసారి పులిసి, పని అయిపోగానే చచ్చి మడ్డిగా మిగులుతుంది. దాన్ని తీద్దామని వేరే సీసాలోకి వంపితే నురగ కాస్తా పోతుంది. వంపకపోతే గ్లాసులో మబ్బు! అంటే తేర్చడానికి వీల్లేని వైన్ ఇది.

ఈ చిక్కుముడి విప్పిన పేరు బార్బ్ నికోల్ పాన్సార్దాన్. 1805లో భర్త ఫ్రాన్స్వా క్లికో చనిపోయేనాటికి ఆమెకి 27 ఏళ్లు. ఆడవాళ్లు వ్యాపారం చేయడమే అరుదైన ఆ రోజుల్లో ఆయన వైన్ కంపెనీని తనే నడిపారు. 1816లో ఆమె ఓ బల్లకి రంధ్రాలు చేయించి సీసాల్ని తలకిందులుగా నిలబెట్టించారు. వంటింటి బల్లతోనే మొదలుపెట్టారని కూడా చెబుతారు. రోజూ కొద్దికొద్దిగా తిప్పుతూ పోతే మడ్డంతా జారి మూతి దగ్గరికి చేరింది. మూత తీయగానే లోపలి ఒత్తిడికి మడ్డి ఎగిరిపోతుంది, వైన్ నిలుస్తుంది. ఆ కంపెనీయే వెవ్ క్లికో. వెవ్ అంటే ఫ్రెంచిలో వితంతువు అనే అర్థం. సీసాలు తిప్పే పనిని ఇప్పుడు చాలాచోట్ల యంత్రాలు చేస్తున్నాయి. మెడని గడ్డకట్టించి మడ్డిని మంచుబిళ్లలా ఊడదీస్తున్నారు. సూత్రం మాత్రం ఆమె చెప్పిందే.

మన చింతపండుకి చుట్టమే!

వైన్‌లో కనిపించే మడ్డి ఇంకో రకం ఉంది. కార్కుకో, సీసా అడుగునో మెరుస్తూ పంచదార పలుకుల్లా ఉంటుంది. గాజు పెంకులనుకుని హడలిపోతుంటారు. నిజానికవి టార్టారిక్ ఆమ్లం పొటాషియంతో కలిసి కట్టిన స్ఫటికాలు. మన చారుకి పులుపునిచ్చే చింతపండులో ముఖ్యంగా ఉండేదీ ఆ టార్టారిక్ ఆమ్లమే. వైన్ చల్లబడితే అది కరిగి ఉండలేక పలుకులు కడుతుంది. ఏ హానీ లేదు. పీపాల గోడలకి గట్టిగా పట్టిన ఈ పెచ్చుల్నే గీకి, శుద్ధి చేసి క్రీమ్ ఆఫ్ టార్టార్ తయారుచేస్తారు. కేకులు పొంగడానికి వేసే బేకింగ్ పౌడర్లలో వాడేది ఇదే.

ఆ పెచ్చులే విజ్ఞానశాస్త్రాన్నీ ఓ మలుపు తిప్పాయి. 1848లో పారిస్‌లో పాతికేళ్ల లూయీ పాశ్చర్ వాటినుంచి వచ్చే ఆమ్లాల మీద పనిచేస్తున్నారు. టార్టారిక్ ఆమ్లం కాంతిని ఓ వైపుకి తిప్పుతుంది. అచ్చం అలాంటిదే అయిన రెసీమిక్ ఆమ్లం తిప్పదు. ఎందుకని? రెండో దాని లవణాన్ని పలుకులు కట్టించి సూక్ష్మదర్శినిలో చూస్తే, పలుకులు రెండు రకాలుగా కనిపించాయి. ఒకటి కుడిచెయ్యి అయితే రెండోది ఎడమచెయ్యి! ఓపిగ్గా ఒక్కో పలుకూ ఏరి రెండు కుప్పలు చేశారు. ఒక కుప్ప కాంతిని కుడికీ, ఇంకోటి ఎడమకీ తిప్పింది. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటున్నాయన్నమాట. ఈ సంగతి విని 74 ఏళ్ల శాస్త్రవేత్త బయో ఒకపట్టాన నమ్మలేదు. తన ఎదుటే మళ్లీ చేసి చూపిస్తేనే ఒప్పుకున్నారు. అణువులకీ కుడిఎడమలు ఉంటాయన్న ఆ ఎరుక ఇవాళ మందుల తయారీలో కీలకం. ఒకే మందులో కుడి అణువు ఒకలా, ఎడమ అణువు ఇంకోలా పనిచేయొచ్చు మరి.

అన్ని సీసాలూ తేటగానే ఉంటాయేం?

దుకాణాల్లో దొరికే వైన్లలో ఎక్కువ భాగం ఏడాది రెండేళ్లలో తాగేయడానికి చేసినవే. వాటిని ముందే గడ్డకట్టేంత చలిలో ఉంచి పలుకులు తీసేస్తారు. బాగా వడకడతారు. బురద నీళ్లలో చిల్లగింజ అరగదీసి కలిపితే మట్టి కిందికి దిగుతుందని మన పల్లెల్లో పెద్దలకి తెలుసు. బోర్డోలో ఆ పని కోడిగుడ్డు తెల్లసొనతో చేస్తారు. పీపాకి నాలుగైదు గుడ్ల సొన గిలక్కొట్టి వేస్తే ఎక్కువైన వగరుని పట్టుకుని అడుగుకు లాగేస్తుంది. కొనేవాళ్లు మడ్డి చూస్తే భయపడతారని ఇంత తంటా! కొందరు తయారీదారులు మాత్రం ఎక్కువ వడకడితే రుచీ పోతుందంటూ ‘వడకట్టనిది’ అని లేబుల్ మీద వేసి మరీ అమ్ముతున్నారు.

అయితే మసకగా ఉన్న ప్రతి సీసా మంచిదని కాదు. నిలబెట్టి ఉంచితే అడుగుకు చేరేది మంచి మడ్డి. ఎన్నాళ్లు ఉంచినా తేరుకోకపోతే, నురగ రాకూడని వైన్‌లో బుడగలు వస్తే, వెనిగర్ వాసనో ముక్క వాసనో కొడితే అది పాడైనట్టే. విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడో, విందుల్లోనో ఇలాంటి సీసా ఎదురైతే తేడా తెలుసుకోవడానికి ఈ గుర్తులు చాలు. ఇంకో మాట. ఎంత పాతదైనా, ఎంత తేటదైనా అందులో ఉన్నది ఆల్కహాలే. ఆరోగ్యానికి హాని చేయని మోతాదంటూ ఏదీ లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది.

తాగేవాళ్ల మాట అలా ఉంచితే, తేర్చే పద్ధతి మాత్రం ఎవరికైనా పనికొచ్చేదే. కదపకుండా ఉంచడం, తొందరపడకుండా వంపడం, అడుగున కాస్త వదిలేయడం. వెన్న కాచి నెయ్యి వంపే ప్రతి ఇల్లాలికీ అలవాటైన విద్యే ఇది. పోర్టోలో దానికి ఓ కొవ్వొత్తి తోడైందంతే!